టెక్ సందేహాలు: సీప్యాప్ మిషను, పవర్ బ్యాంకు, కిరాణా కొట్టు త్రాసు

ఈ నెలలో సీప్యాప్ (నిద్రలో మాస్కు ద్వారా గాలి నెట్టే మిషను) బ్యాటరీ గురించి వచ్చిన ఉత్తరం ఇది నాలుగోది. ఈసారి కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు రాశారు: "నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంది. రోజూ రాత్రి సీప్యాప్ పెట్టుకునే పడుకుంటాను. వచ్చే నెల కాశీ ప్రయాణం. రైల్లో ఒక రాత్రి గడపాలి, సత్రంలో కరెంటు సంగతి తెలియదు. మా అబ్బాయి ఆన్‌లైన్‌లో 1,500 రూపాయలకు 50,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొని పంపాడు. చాలా తేలిగ్గా ఉంది, చొక్కా జేబులో పడుతుంది. రెండు రాత్రులు వస్తుందా?"

మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. చొక్కా జేబులో పడుతుందన్నారు కదా, అక్కడే దొరికిపోయింది.

ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అనే అంకె మీద నాకు పాత కోపం ఉంది. వోల్టేజీ చెప్పకుండా ఎంఏహెచ్ చెప్పడమంటే ట్యాంకు లోతు చెప్పి వెడల్పు దాచడమే. పవర్ బ్యాంకు మీద రాసే ఎంఏహెచ్ లోపలి సెల్లుది, అంటే దాదాపు 3.7 వోల్టుల దగ్గర లెక్క. మీ మిషనుకు కావలసింది 24 వోల్టులు, కొన్నింటికి 12. అందుకే ఎంఏహెచ్ వదిలేసి వాట్‌అవర్లు (ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేవి) చూడాలి. 50,000 నిజమే అయితే 185 వాట్‌అవర్లు. మార్పిడిలో పదో పదిహేనో శాతం పోయినా, పొదుపుగా వాడితే రెండు రాత్రులు వస్తుంది. కానీ ఆ అంకె నిజం కాదు. మామూలు లిథియం అయాన్ సెల్లు ఒకటి 45 గ్రాములకు పైనే ఉంటుంది, మంచి రకమైనా 3,500 ఎంఏహెచ్ దాటదు. యాభై వేలకు కనీసం పదిహేను సెల్లులు పట్టాలి. అంటే డబ్బా, సర్క్యూటు లెక్కలోకి తీసుకోకుండానే ఆరు వందల గ్రాములకు పైమాట. మీ వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకెళ్లి త్రాసు మీద పెట్టించండి. మూడు వందల గ్రాములు చూపిస్తే అబ్బాయికి ఫోన్ చేసి వాపసు పెట్టమనండి.

సరే, మిషను ఎంత తాగుతుంది? పోయిన సంక్రాంతికి మా బావగారు తన సీప్యాప్‌తో సహా మా ఇంటికి వచ్చారు. పండగపూట ఇదేం పనిరా అని అక్క తిడుతున్నా వినకుండా, గోడ ప్లగ్గుకూ అడాప్టరుకూ మధ్య కరెంటు కొలిచే చిన్న మీటరు పెట్టాను. గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయరు, వేడి పైపు ఆన్‌లో ఉన్న రాత్రి 290 వాట్‌అవర్లు అయింది. మర్నాడు రాత్రి ఆ రెండూ ఆపేశాం. తెల్లారి చూస్తే 68. గొంతు కాస్త ఎండినట్టుందిరా అన్నారు బావ, అంతకుమించి ఫిర్యాదు లేదు. నాలుగింట మూడు వంతుల కరెంటు పోయేది నీళ్లు, పైపు వేడి చేయడానికే. మీ మిషను గాలి ప్రెషర్‌ను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. బావ అడాప్టరు మీద మాత్రం 90 వాట్లు అని రాసి ఉంది. అది దాని గరిష్ఠ సామర్థ్యం, రోజువారీ వాడకం కాదు. దాన్ని ఎనిమిది గంటలతో గుణించి 720 అని బెదిరిపోయి, ఎత్తలేనంత బ్యాటరీ కొన్నవాళ్లు నాకు తెలుసు.

నాకు అర్థం కానిది ఒకటుంది. రాత్రి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, మాస్కు ఎంత లీకయిందో గ్రాఫులు గీసి ఫోన్‌కు పంపే మిషను, తను ఎంత కరెంటు తాగిందో ఒక్క ముక్క ఎందుకు చెప్పదు? అది కొలవడానికి పట్టేది చిన్న చిప్పు. పైగా ఒక్కో మిషనుకు ఒక్కో రకం పిన్ను. బయటి కేబుల్ పెడితే గుర్తుపట్టి మొరాయించేవీ ఉన్నాయి. ఫోన్ ఛార్జర్లన్నీ టైప్-సీకి వచ్చేశాయి, రోగి ఊపిరికి కావలసిన మిషను మాత్రం ఇంకా సొంత పిన్ను పట్టుకుని వేలాడుతోంది. పోనీ టైప్-సీ పవర్ డెలివరీతో (టైప్-సీ కేబుల్‌లో ఎక్కువ వోల్టేజీ ఇచ్చే పద్ధతి) నడుపుదామా అంటే, అందులో 20 వోల్టులున్నాయి, కొత్త రకంలో 28 ఉన్నాయి, 24 మామూలుగా దొరకదు. మధ్యలో వోల్టేజీ పెంచే కన్వర్టర్ కేబుల్ కావాలి. 12 వోల్టుల మిషన్లకు దొరికే చవక ట్రిగ్గర్ కేబుళ్లతో (పవర్ బ్యాంకును 12 వోల్టులు ఇమ్మని అడిగేవి) ఇంకో తిరకాసు. పవర్ డెలివరీలో 12 తప్పనిసరి కాదు, అది లేని పవర్ బ్యాంకు సాధారణంగా 9 వోల్టులే ఇచ్చి ఊరుకుంటుంది.

రెండో ఉత్తరం విశాఖపట్నం నుంచి. "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ భయంతో ఇప్పుడు మావారి సీప్యాప్ కోసం 1,000 వాట్‌అవర్ల పవర్ స్టేషన్ (ఇంట్లో పెట్టుకునే పెద్ద బ్యాటరీ డబ్బా) కొన్నాం. తేమ ఆపేసి వాడితే రెండు రాత్రులు బాగా నడిచింది. మూడో రాత్రి రెండింటికి ఆగిపోయింది. చూస్తే ఛార్జింగ్ ఇంకా 75 శాతం ఉంది!"

అమ్మా, అది ఎకో మోడ్ పని. లోడు కొద్ది వాట్లకు పడిపోతే ఎవరూ వాడటం లేదనుకుని డబ్బా తనంతట తాను ఆరిపోతుంది. టీవీకి అది పొదుపు, సీప్యాప్‌కు చేటు తెచ్చే తెలివి. ఎకో మోడ్ ముందే ఆపేశామని ఉత్తరం చివర రాశారు, కానీ ఆ సాయంత్రమే డబ్బాకు అప్‌డేట్ వచ్చిందనీ రాశారు. అప్‌డేట్ పేరుతో మన సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి తెచ్చే కంపెనీలంటే నాకు ఒళ్లు మంట. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో అప్‌డేట్ జోలికి పోకండి. అన్నట్టు, అసలు బ్యాటరీ డబ్బా యాప్‌కు లాగిన్, లొకేషన్ ఎందుకు? మా స్నేహితుడి డబ్బా బ్లూటూత్‌లో పాస్‌వర్డ్ అడగకుండానే నా ఫోన్‌కు కలిసింది. గదిలో ఇటు మూలన కూర్చుని దాని కరెంటు ఆపేశాను.

ఇంకొకటి, ఏసీ సాకెట్‌లో పెట్టకండి. డీసీని ఏసీ చేసి, అడాప్టర్‌లో మళ్లీ డీసీ చేయడం దండగ. మిషను కంపెనీ ఇచ్చే కారు కేబుల్ కొని, డబ్బాకున్న 12 వోల్టుల సాకెట్‌లో పెట్టండి. ఇంకో నాలుగైదు రాత్రులు కలిసొస్తాయి.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయానికి వస్తాను. సీప్యాప్ గాలి తయారు చేయదు, గదిలో గాలినే పీల్చి ముక్కులోకి నెడుతుంది. పీల్చే కన్నం ఎక్కువగా మిషను వెనకో పక్కనో ఉంటుంది. దాని ఫిల్టరు దుమ్ము ఆపుతుంది తప్ప పొగలోని విషవాయువులను ఆపదు. మనవాళ్లు కేబుల్ చిన్నదని బ్యాటరీని సరిగ్గా ఆ కన్నం పక్కనే పెడతారు, పరుపు మీద, పైన దుప్పటి. నాసిరకం లిథియం సెల్లు వేడెక్కి పొగ కక్కడం మొదలెడితే, ఆ పొగ పైపులోంచి నేరుగా నిద్రపోతున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే మంచం మీద వద్దు, దిండు కింద అసలే వద్దు. గచ్చు నేల మీద, పొడుగు కేబుల్‌తో, మిషనుకు దూరంగా పెట్టండి. కొంచెం ఉబ్బినా, పక్కలు విచ్చుకున్నా మళ్లీ ఛార్జ్ చేయకండి. కొనేటప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూడండి. నంబరు ఎవడైనా అచ్చేస్తాడు, యాప్‌లో అదే కంపెనీ, అదే వస్తువు రావాలి. బరువు మోయగలిగితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే తీసుకోండి, వేడికి అంత తొందరగా అదుపు తప్పదు. ఆక్సిజన్ కూడా పెట్టుకునేవాళ్లు ఇలాంటి ప్రయోగాలేవీ డాక్టరును అడక్కుండా చేయొద్దు.

అనంతపురం నుంచి ఒకరు, ఇంట్లో 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది, చాలదా అని అడిగారు. బోలెడు చాలుతుంది. 12 వోల్టులతో గుణిస్తే 1,800, సగం వాడినా 900 వాట్‌అవర్లు. కరెంటు పోగానే ఫ్యాను గుయ్‌మంటుంటే మాత్రం మీది కరెంటును గతుకులుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం, లైను కరెంటులా నున్నగా ఇచ్చే సైన్ వేవ్‌కు మార్చండి.

మళ్లీ మాస్టారి రైలు దగ్గరికి. చాలా బోగీల్లో సాకెట్లు 110 వోల్టులు. మీ అడాప్టరు మీద 100-240 అని ఉంటే తీసుకుంటుంది. కానీ రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఛార్జింగ్ పాయింట్లు ఆపేయాలని 2021లో రైల్వే నిర్ణయించింది. కొన్ని బోగీల్లో ఆపుతారు, కొన్నింట్లో ఆపరు. ఆ ఆరు గంటలకు సొంత బ్యాటరీ ఉండాల్సిందే. బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక రాత్రి పూర్తిగా దాని మీదే పడుకుని చూడండి.

డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్తూ, విమానంలో సీప్యాప్ బ్యాటరీ తీసుకెళ్లొచ్చా అని అడిగిన గుంటూరు అమ్మగారికి: బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో కుదరదు. 100 వాట్‌అవర్ల లోపయితే పేచీ లేదు, 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, అది దాటితే ఎక్కనివ్వరు. విమానంలో దాన్ని వాడనిస్తారో లేదో టికెట్టు కొన్నప్పుడే అడగండి. హ్యుమిడిఫయరు తొట్టిలో నీళ్లు మాత్రం ఇంట్లోనే ఒంపేసుకోండి, లేదంటే సంచిలో మిషనంతా తడుస్తుంది.