ర్యాంకులు కొట్టేసి మళ్లీ రాయి

చిరంజీవి రచయిత్రికి ఆశీస్సులు.

‘ప్రపంచ సాంస్కృతిక రాజధానులు: టాప్ టెన్’ అన్న నీ వ్యాసం అందింది. మొదటి పేజీ చదివి పక్కన పడేశాను. మర్నాడు మళ్లీ తీశాను. ఎందుకు పడేశానో ముందు చెప్తాను. మెచ్చుకోలు తర్వాత, గుర్తుంటే.

పారిస్‌కి ఫస్ట్ ర్యాంకు ఇచ్చావు, లూవ్ర్ మ్యూజియానికి ఏడాదికి 80 లక్షల మందికి పైగా వస్తారు కాబట్టి. లండన్‌కి రెండు, బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి కాబట్టి. న్యూయార్క్‌కి మూడు, బ్రాడ్‌వేలో 41 థియేటర్లున్నాయి కాబట్టి. అంకెలతో నాకు పేచీ లేదు. కానీ అమ్మా, ఇవి గోడౌన్ లెక్కలు. ఆ 80 లక్షల వస్తువుల్లో జనానికి కనబడేలా పెట్టినవి నూటికి ఒకటి. మిగతావన్నీ అరల్లోనే ఉన్నాయి. లూవ్ర్‌లో జనం తోసుకుంటూ ఫోన్లు పైకెత్తే ఆ ఒక్క బొమ్మా, మోనాలిసా, గీసినవాడు ఫ్లారెన్స్‌లో పని నేర్చుకున్నవాడు. 1516లో రాజు పిలిస్తే ఫ్రాన్స్ వెళ్లాడు, బొమ్మ కూడా వెంట వెళ్లింది. పని నేర్పింది ఒక ఊరు, దాచుకున్నది ఇంకో ఊరు. మార్కులు మాత్రం దాచుకున్న ఊరికి పడ్డాయి.

ఈ ర్యాంకుల జబ్బు నీకు పుట్టుకతో వచ్చింది కాదులే. సంపాదకులు అంటించారు. నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక వారపత్రికకి జర్మనీలోని లైప్‌జిగ్ గురించి వ్యాసం పంపాను. సంపాదకుడు పిలిపించి, కుర్చీ చూపించి, కాగితాలు నా ముందుకు తోసి, “లైప్‌జిగ్ ఎవడికి కావాలయ్యా! పది ఊళ్లు వరసగా పెట్టు. పారిస్‌ని పైన పెట్టు. ఎవడో ఒకడు తిడుతూ ఉత్తరం రాస్తాడు, రెండు వారాలు మనకి పండగ” అన్నాడు. నేను కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఆ పత్రిక ఇప్పుడు లేదు. అందుకు నాకు సంతోషంగా ఉందని అనకూడదు. కొంచెం ఉంది.

లైప్‌జిగ్ ఎందుకంటావా? సంగీతకర్త బీథోవెన్ బతికింది వియన్నాలో. నీ జాబితాలో వియన్నాకి నాలుగో స్థానం, కారణం బీథోవెన్. మరి ఆయన ఐదో సింఫనీ 1809లో అచ్చయింది ఎక్కడ? లైప్‌జిగ్‌లో. 1719లో అచ్చుపని మొదలుపెట్టిన బ్రైట్‌కాఫ్ సంస్థ అప్పుడు అక్కడే ఉండేది. వియన్నాలో దాన్ని మొదటిసారి వాయించిన రాత్రి హాల్లో కూర్చున్నవాళ్లు ఒకసారి విన్నారు. మిగతా ఊళ్ల ఆర్కెస్ట్రాలు వాయించగలిగాయంటే లైప్‌జిగ్ నుంచి కాగితాలు వెళ్లాయి కాబట్టే. అయినా జాబితాలు రాసేవాళ్లకి ఆ ఊరు ఆనదు. పేరు చెబితే ఫొటో గుర్తుకురాదు కదా.

ఇదే నా మాట. చాలా ఏళ్ల నుంచి దొరికిన ప్రతివాళ్లకీ చెప్తున్నాను, ఈసారి నువ్వు దొరికావు. కాపీలు తీసి బయటికి పంపే ఊరే రాజధాని. రాసిన ఊరు కాదు. దాచిన ఊరు అసలే కాదు.

లండన్ పేరాలో షేక్‌స్పియర్‌నీ గ్లోబ్ థియేటర్‌నీ తెచ్చావు. గ్లోబ్ 1613లో కాలిపోయింది. మళ్లీ కట్టారు, అదీ పోయింది. ఇప్పుడు నువ్వు ఫొటో పెట్టినది మొన్న మొన్న కట్టింది. నిలిచింది 1623లో అచ్చేసిన పుస్తకం. అందులో 36 నాటకాలుంటే సగం, అంటే 18, అంతకుముందు అచ్చే కాలేదు. ఆయన పోయిన ఏడేళ్లకి ఆ లావు పుస్తకం వెయ్యడానికి కొందరు డబ్బు పెట్టి ఉండకపోతే ‘మాక్‌బెత్’ మనదాకా వచ్చేదే కాదేమో. లండన్ గురించి రాసేటప్పుడు ఆ ప్రెస్సు గురించి ఒక్క వాక్యం రాయబుద్ధి కాలేదా?

బాగ్దాద్‌ని ‘ఒకప్పుడు వెలిగిన నగరం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వెనిస్‌కి పడవలూ ముసుగులూ మిగిల్చావు. బాగ్దాద్‌లో కాగితం అమ్మేవాళ్లకీ రాతప్రతులు తీసేవాళ్లకీ ఒక బజారే ఉండేది. ఆ వ్యాపారంలో ఉన్న ఇబ్న్ అల్ నదీమ్ 987 ప్రాంతంలో అరబిక్‌లో తనకు తెలిసిన పుస్తకాలన్నిటికీ ఒక పట్టిక తయారుచేశాడు. అందులోని పుస్తకాల్లో చాలావాటికి ఇవాళ ఆ పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇక వెనిస్ చూడు. 1512లో మొట్టమొదటి ఆర్మేనియన్ అచ్చు పుస్తకం అక్కడే వేశారు. 1520 తర్వాత మూడు నాలుగేళ్లలో యూదుల ధర్మగ్రంథం తాల్మూద్ మొత్తం అచ్చేశారు. 1537-38లో అరబిక్‌లో ఖురాన్ అచ్చేశారు. తనవి కాని భాషల్లో, తనది కాని దేవుడి పుస్తకాలు వేసిన ఊరది. పడవల గురించి రాసుకో, వద్దనను. కానీ దీన్ని వదిలేసి పడవల గురించి రాస్తావా?

నేనెందుకు ఇంత ఆవేశపడుతున్నానో చెప్తాను. నా తొలి ఉద్యోగం ప్రూఫులు దిద్దడం. రాత్రిపూట, తడి సిరా వాసన కొట్టే గ్యాలీలు, అంటే దిద్దడానికి తీసిన అచ్చు కాగితాలు, ముందేసుకుని కూర్చునేవాణ్ణి. పగలు నా కథలు పత్రికల నుంచి తిరిగొచ్చేవి. ఎవరూ వెయ్యడం లేదని నలుగురం కలిసి ఒక సైక్లోస్టైల్ పత్రిక పెట్టాం. మైనం పూత స్టెన్సిల్ మీద ఇనుప మొన కలంతో రాయాలి. గట్టిగా నొక్కితే చిరుగుతుంది, మెల్లగా నొక్కితే సిరా దిగదు. ఇక మన అక్షరాలు గుండ్రం కదా, ‘ఠ’ రాస్తే లోపలి ముక్క ఊడి రోలర్‌కి అంటుకునేది. తర్వాత వచ్చే ప్రతి కాపీలోనూ ఆ చోట నల్లటి మచ్చే. అందుకని ఆ అక్షరం ఉన్న మాటలే రాయకుండా నేనొక కథ రాశాను. నా శైలి చాలా విలక్షణంగా ఉందని ఒక విమర్శకుడు దాన్ని పొగిడాడు కూడా. వాళ్లతో అదే చిక్కు.

కొన్నాళ్లకి నేనెప్పుడూ చూడని ఊరి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా పత్రిక ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో, చివరికి ఆయన దగ్గరకి చేరేసరికి అట్ట లేదట. అయినా చదివి, మూడో పేజీలో అన్వయం తప్పిందని రాశాడు. ఏ సభలోనూ ఏ శాలువాతోనూ నాకు అంత ఆనందం కలగలేదు.

అందుకే పారిస్ గురించి రాసేవాళ్లు కాఫీ హోటళ్ల గురించి రాస్తుంటే నాకు విసుగు. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ సంగతి తీసుకో. పత్రికలో కొంత వచ్చేసరికే అమెరికాలో కేసు పెట్టి ఆపించారు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ప్రచురణకర్తలు జంకారు. పారిస్‌లో చిన్న పుస్తకాల షాపు నడుపుకునే సిల్వియా బీచ్ అనే ఆవిడ నేను వేస్తానంది. అప్పటిదాకా ఆవిడ ఒక్క పుస్తకం వేసి ఎరగదు. అచ్చు జరిగింది పారిస్‌లో కూడా కాదు, దిజోన్ అనే ఊళ్లో. అక్కడి కంపోజిటర్లలో చాలామందికి ఇంగ్లీషు రాదు. అర్థం తెలియని భాషని అక్షరం అక్షరం ఏరి పేర్చారు. జాయిస్ ఊరుకున్నాడా? ప్రూఫులు వచ్చిన ప్రతిసారీ అంచుల్లో కొత్త వాక్యాలు కిక్కిరిసేలా రాసి వెనక్కి పంపేవాడు. పుస్తకం దాదాపు మూడోవంతు ప్రూఫుల మీదే పెరిగిందంటారు. వాళ్లు విసుక్కోకుండా మళ్లీ మళ్లీ కంపోజ్ చేశారు. ఆ పనిలో ఎన్ని రాత్రులు పోతాయో నాకు తెలుసు. 1922 ఫిబ్రవరి 2న, ఆయన నలభయ్యో పుట్టినరోజుకి, మొదటి రెండు కాపీలు పొద్దున్న రైల్లో పారిస్ చేరాయి. మొదటి ముద్రణ 1,000 కాపీలు. నీ వ్యాసంలో ఈఫిల్ టవర్ మూడుచోట్ల ఉంది, దిజోన్ ఒక్కచోటైనా లేదు.

అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్‌కి తొమ్మిదో ర్యాంకు. కారణం టాంగో, ఒపేరా హాలు. అక్కడ అసలు జరిగింది వేరు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక అక్కణ్ణించి బయటపడ్డ ప్రచురణకర్తలు బ్యూనస్ ఐరిస్ చేరి మళ్లీ సంస్థలు పెట్టారు. స్పెయిన్‌లో సెన్సారు కత్తెర పడినవాటికి అక్కడ అచ్చు దొరికింది. 1967లో ‘నూరేళ్ల ఏకాంతం’ నవల వచ్చిందీ అక్కడి నుంచే. గార్సియా మార్కెజ్ కొలంబియావాడు, రాసింది మెక్సికో సిటీలో. కట్ట మొత్తం పోస్టు చెయ్యడానికి చేతిలో డబ్బు చాలక సగమే పంపారట. మిగతా సగానికి ఇంట్లో వస్తువులు తాకట్టు పెట్టారట. తీరా చూస్తే ముందు పంపింది రెండో సగం! ఆయనే చెప్పుకున్న కథ ఇది. మొదటి ముద్రణ 8,000. ఇప్పుడు చెప్పు, ఆ నవలకి రాజధాని ఏది? పుట్టిన ఊరా, రాసిన ఊరా, ఆ సగం కట్ట చేరిన ఊరా? 1976లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది, పుస్తకాలు తగలబెట్టారు. ఒపేరా హాలు మాత్రం అలాగే ఉంది.

యంత్రాలుంటే చాలా, అయితే ప్రింటింగ్ ప్రెస్సులున్న ప్రతి ఊరూ రాజధానేనా అని నువ్వు అడ్డం తిరుగుతావని తెలుసు. చాలదు. దెబ్బ తినడానికి సిద్ధపడి కాపీలు వేసే మనిషి ఉండాలి. ఇవాళ టోక్యో అంటున్న ఎదోలో త్సుతాయా జూజబురో అనే ప్రచురణకర్త ఉండేవాడు. ఉతమారో అనే చిత్రకారుడి బొమ్మలు అచ్చేసింది ఆయనే. సర్కారుకి గిట్టని కథలు వేశాడని 1791లో ఆయన ఆస్తిలో సగం లాగేసుకున్నారు. ఆయన ఆగలేదు. తర్వాత కొన్నేళ్లకే షరాకు అనే, ఇప్పటికీ ఎవరో తేలని చిత్రకారుడి నటుల బొమ్మలు వేశాడు. ఆ ఊరి ప్రింట్లు మామూలు జనం కొనుక్కునేవి. అవే ఓడలెక్కి యూరప్ చేరాయి. 1887లో పారిస్‌లో వాన్ గో కూర్చుని ఎదో చిత్రకారుడు హిరోషిగే ప్రింటుకి నకలు వేశాడు. నీ లెక్క ప్రకారం ఏడో ర్యాంకు ఊరు ఫస్ట్ ర్యాంకు ఊరికి బొమ్మలు నేర్పిందన్నమాట.

ఇప్పుడు అసలు కోపం. చివరి పేజీలో ‘లాగోస్‌లో చవకబారు వీడియో సినిమాలు కూడా తయారవుతాయి’ అని రాశావు. ఆ ‘చవకబారు’ ఎవరి మాట? 1992లో నైజీరియాలో కెన్నెత్ న్నెబ్వే అనే వ్యాపారి ఇగ్బో భాషలో ఒక సినిమా తీసి థియేటర్‌కి ఇవ్వకుండా నేరుగా వీడియో కేసెట్ల మీద అమ్మాడు. ఖాళీ కేసెట్ల కన్నా బొమ్మ ఉన్న కేసెట్లు బాగా పోతాయని లెక్క వేశాడంటారు. ఎలక్ట్రానిక్ సామాన్ల బజారే పంపిణీ సంస్థ అయింది. అక్కణ్ణించి మొదలైన పరిశ్రమ సినిమాలు ఇవాళ ఆఫ్రికా ఖండమంతా చూస్తోంది. న్యూయార్క్‌లో నువ్వు బ్రాడ్‌వే దగ్గరే ఆగిపోయావు. హిప్ హాప్ సంగీతం పుట్టింది అదే ఊళ్లోని బ్రాంక్స్‌లో, 1973 ఆగస్టు 11న ఒక అపార్టుమెంటు కింద జరిగిన పార్టీలో అని చెప్పుకుంటారు. రేడియోల్లో మోగిన హిట్ రికార్డు 1979లో గానీ రాలేదు. మధ్య ఆరేళ్లు ఆ పాట బతికింది చేతులు మారిన కేసెట్ల మీద. మా సైక్లోస్టైల్ పత్రిక లాగే. చవకగా ఉండబట్టే అంతదూరం పోయింది తల్లీ.

యూరప్‌లో ఏటేటా ‘సాంస్కృతిక రాజధాని’ బిరుదు ఇస్తారు కదా, అది అధికారికం కదా అని అడిగావు. 1985లో గ్రీకు మంత్రి, నటి మెలీనా మెర్కూరి చొరవతో ఏథెన్స్‌తో మొదలైంది. 1989లో పారిస్‌కి ఇచ్చారు, మరుసటేడు గ్లాస్గోకి. పండగ బాగుంటుంది, హోటళ్లు నిండుతాయి. అంతకు మించి దాని మీద నాకు ఆసక్తి లేదు.

ఇప్పుడు ప్రతివాళ్ల చేతిలో కాపీ తీసే ఫోనుంది, మరి రాజధాని ఏది అని కూడా అడిగావు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. దాని సంగతి ఇంకో ఉత్తరంలో చూద్దాం. కలం పేరు పెట్టుకోనా అన్నావు, ఆ విషయం ఇంట్లోవాళ్లని అడుగు.

పెద్ద నగరానికి మారితేనే రచయితనవుతానా అన్నదానికి మాత్రం చెప్తాను. నీ రాత మారాల్సిన పనిలేదు, నువ్వూ మారక్కర్లేదు. నీ కాపీలు ఏ ఊళ్లో వేస్తారో కనుక్కో. వాళ్ల గుమ్మం ఎక్కు. వెళ్లగొడితే మళ్లీ ఎక్కు. గుమ్మం దగ్గర కూర్చున్న సంపాదకుడు ‘వైబ్’ అన్న మాట వాడితే దిగివచ్చేయ్. నువ్వూ ఆ మాట పేజీకోసారి వాడావు, తీసెయ్.

మెచ్చుకోలు మర్చిపోలేదు. కైరోలో అజ్‌బకియా పాత పుస్తకాల బజారు మీద నువ్వు రాసిన పేరా ఉంది చూశావా, ‘ఇతరాలు’ కింద ఇరికించావు, దాని కోసమే మర్నాడు వ్యాసం మళ్లీ తీశాను. వేలు తడి చేసుకుని, ఎండకి వంకర తిరిగిన పేజీలు విప్పుతూ, కొనేవాడికన్నా ముందు తనే రెండు పేరాలు చదివేసే ఆ అమ్మకందారు. బేరం కుదిరాక కూడా పుస్తకం వదలడు. అది నువ్వు చూసి రాసిన ముక్క. మిగతాదంతా ఎక్కడో చదివి రాసింది. వ్యాసం దానితో మొదలుపెట్టు.

అయితే ఆ పేరాలో ఒకటి లోపించింది. ‘కైరో రాస్తుంది, బేరూత్ అచ్చేస్తుంది, బాగ్దాద్ చదువుతుంది’ అని అరబ్బుల్లో ఒక నానుడి ఉంది. నువ్వు అతని దగ్గర ఒక నవల కొన్నానన్నావు కదా. అరబిక్ చదవడం రాకపోతే వచ్చినవాళ్లకి చూపించు. ప్రెస్సు పేరూ ఊరి పేరూ మొదటి పేజీల్లోనో చివరి పేజీలోనో ఉంటాయి. ఉంటే బేరూతో కైరోనో రాయి. అసలు ప్రెస్సు పేరే లేకుండా ఎవరో దొంగచాటుగా వేసిన కాపీ అయితే, మొత్తం ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
నువ్వు ‘మాస్టారూ’ అన్నావు, ఎవరికీ పాఠం చెప్పని ఒక పాత ప్రూఫ్ రీడర్