పదేళ్ల కాంట్రాక్టు రాసేవాళ్లకు ముందుముందు ఏం జరుగుతుందో తెలుసా?

ప్రశ్న ఇది: బేస్‌బాల్ ఆటగాళ్లకు పదేసి ఏళ్లకు వందల మిలియన్ల డాలర్లు ఏ ధైర్యంతో ఇస్తారు? వాడు ముందుముందు ఎలా ఆడతాడో తేల్చే లెక్క ఏదైనా ఉందా?

లెక్కలు కావలసినన్ని ఉన్నాయి. ముందుముందు ఏమవుతుందో తెలిసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. పదిహేనేళ్లకు పైగా అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఆనహైమ్ దగ్గర ఉంటూ ఇక్కడి ఏంజెల్స్ బేస్‌బాల్ జట్టును చూస్తున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను.

2011 డిసెంబరులో ఆల్బర్ట్ పూహోల్స్‌ను మా జట్టు పదేళ్లకు 24 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. అప్పటికి అతను సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు 11 సీజన్లు ఆడి 445 హోమ్‌రన్లు (బంతిని మైదానం కంచె దాటించే దెబ్బలు) కొట్టాడు. మూడుసార్లు లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు. వయసు 31 నిండి 32 రాబోతోంది. మా ఆఫీసులో ఆ రోజు పని జరగలేదంటే నమ్మండి. మా అబ్బాయికప్పుడు ఏడేళ్లు. 5వ నంబరున్న ఎర్ర చొక్కా కొనేదాకా ఊరుకోలేదు.

2012 సీజన్ మొదలైంది. ఏప్రిల్ అయిపోయింది, ఒక్క హోమ్‌రన్ లేదు. మే 6, ఆదివారం, టొరంటోతో ఆట. మా మామగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, ఆయన్నీ తీసుకెళ్లాం. ఫస్ట్ బేస్ వైపు సీట్లు, ఎదురుగా ఏంజెల్స్ డగౌట్, అంటే ఆటగాళ్లు కూర్చునే చోటు, మొత్తం కనబడుతుంది. ఎండ సరిగ్గా మొహం మీద కొడుతోంది. మామగారు తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. పూహోల్స్ బ్యాటింగుకు వచ్చినప్పుడల్లా స్టేడియంలో చప్పట్లు మొదలై మధ్యలోనే తగ్గిపోతున్నాయి. అది నిరాశ కూడా కాదు, ఇంట్లో జబ్బు మనిషి లేచి నడుస్తుంటే చూసే చూపు.

"ఇతనికేనా అంత ఇచ్చింది? మన డబ్బుల్లో ఎంత?" అని అడిగారు మామగారు. పన్నెండు వందల కోట్ల పైమాటే అన్నాను. ఆడకపోతే తిరిగి తీసుకుంటారా అన్నారు. లేదండీ, బేస్‌బాల్‌లో కాంట్రాక్టు డబ్బు గ్యారంటీ, దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్నా ఇవ్వాల్సిందే అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇది పదేళ్ల కౌలు. పాత దిగుబడి చూసి పదేళ్లకు ఖాయం చేశారు. వాన పడ్డా పడకపోయినా కౌలు కట్టాలి" అన్నారు. బేస్‌బాల్ కాంట్రాక్టు గురించి ఇంతకంటే సరిగ్గా చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఐదో ఇన్నింగ్స్‌లో పడింది దెబ్బ. బంతి ఎడమ వైపు కంచె దాటింది. సీజన్ మొత్తానికి అదే మొదటిది. జనం లేచి అరుస్తున్నారు, మా వాడు సీటెక్కి గెంతుతున్నాడు. పూహోల్స్ బేస్‌లన్నీ చుట్టి డగౌట్‌లోకి దిగితే అక్కడ ఒక్కడూ లేడు. ఖాళీ బెంచీ. జట్టు మొత్తం లోపలికి పోయి దాక్కుంది. నెల రోజులు వేచి చూసిన హోమ్‌రన్ కదా, ఆటపట్టించారు. అతను అటూ ఇటూ చూశాడు. ఆ రెండు మూడు సెకన్లు అంత పెద్ద మనిషి ఒంటరిగా నిలబడ్డ తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ఆ ఏడాది చివరికి 30 హోమ్‌రన్లు కొట్టాడు, అన్యాయం మాట్లాడకూడదు. కానీ అక్టోబరులో మోకాలికి ఆపరేషన్, మరుసటేడు పాదం అడుగున పట్టీలాంటి కణజాలం చిరిగి 99 ఆటలకే సీజన్ ముగిసింది. ఆ తర్వాత పాత పూహోల్స్ అప్పుడప్పుడూ మాత్రమే కనబడ్డాడు. జీతం మాత్రం ఏటా పెరిగేలా రాశారు. మొదటేడు 1.2 కోట్లు, చివరేడు 3 కోట్ల డాలర్లు. ఆ 3 కోట్ల ఏడాదిలోనే, 2021 మేలో, 41 ఏళ్ల వయసులో వదిలేశారు. ఆ పదేళ్లలో జట్టు ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ఆటలకు) వెళ్లింది ఒక్క 2014లోనే, అదీ మూడు ఆటల్లో ఇంటికొచ్చేసింది.

దీన్ని చూపించి "డబ్బు దోచుకున్నాడు" అనేవాళ్లు మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఉన్నారు. ఆ మాటంటే నాకు ఒళ్లు మండుతుంది. 2001లో కార్డినల్స్‌కు మొదటి సీజన్ ఆడినప్పుడు 37 హోమ్‌రన్లు కొట్టినవాడికి ఇచ్చింది 2 లక్షల డాలర్లు, అప్పటి కనీస జీతం. అప్పుడెవరు దోచుకున్నట్టు? అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికంటే పెద్దదైన మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండితే గానీ ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడలేడు. అప్పటికి ముప్పై దగ్గర పడుతుంది, ఒళ్లు అరగడం మొదలవుతుంది.

నేనూ ఒకప్పుడు బాండు రాసి ఉద్యోగంలో చేరినవాణ్ణే. రెండేళ్లు రాత్రీ పగలూ చేస్తే మూడు శాతం పెంచారు. నా పక్క సీట్లోకి బయటి నుంచి వచ్చినవాడికి నా మీద రెట్టింపు. బాండు తీరాక నేను మారి, అడిగినంత తీసుకున్నాను. అది రాబోయే పనికి కాదు, అప్పటిదాకా రానిదానికి. ఈ పెద్ద కాంట్రాక్టుల్లో సగం డబ్బు ఇలాంటి పాత బకాయేనని నా గట్టి నమ్మకం.

ఆ మే నెలలో అదే ఏంజెల్స్ జట్టులో ఇరవై ఏళ్ల మైక్ ట్రౌట్ ఉన్నాడు. ఐదు లక్షల లోపు జీతానికి ఆ ఏడాది 30 హోమ్‌రన్లు, 49 బేస్‌ల దొంగతనం (దెబ్బ పడకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం). మరుసటేడు జట్టు ఇచ్చింది 5,10,000 డాలర్లు. కనీసం కంటే ఇరవై వేలు ఎక్కువ! జట్టు మొత్తంలో మేలైనవాడు అతనే అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ముందు మాత్రం ఎవరికీ తెలియలేదు. 2009 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునేది) ఇదే జట్టు 24వ వంతులో వేరే కుర్రాణ్ణి తీసుకుని, 25వ వంతులో ట్రౌట్‌ను తీసుకుంది. పూహోల్స్ అయితే తన డ్రాఫ్ట్‌లో 402వ వాడు. వార్ (ఒక ఆటగాడి వల్ల జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో చెప్పే లెక్క) అనీ ఇంకోటనీ దశాంశాలతో చెప్పేవన్నీ జరిగిపోయిన ఆటను బాగా కొలుస్తాయి, అంతే. మోకాల్లో ఏముందో కొలిచే అంకె లేదు.

2019 డిసెంబరులో ఒకే వారంలో, వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన వాషింగ్టన్ ఆటగాళ్లిద్దరికి ఒకటే ధర పలికింది: ఏడేళ్లకు 24.5 కోట్ల డాలర్లు. పిచర్ (బంతి విసిరేవాడు) స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్ అక్కడే ఉండిపోయాడు, ఆ తర్వాత వేసింది ఎనిమిది ఆటలు. ఆంథొనీ రెండన్ మా దగ్గరికొచ్చాడు, ఏ సీజన్లోనూ 60 ఆటలు దాటలేదు. అదే వాషింగ్టన్ 2015లో ముప్పై ఏళ్ల మాక్స్ షెర్జర్‌కు ఏడేళ్లకు 21 కోట్లు ఇస్తే, వరసగా రెండేళ్లు ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తెచ్చి, వరల్డ్ సిరీస్ గెలుపులోనూ ఉన్నాడు. ముగ్గుర్నీ పరీక్షించింది అలాంటి డాక్టర్లే, లెక్క వేసింది అలాంటి నిపుణులే.

2022 సెప్టెంబరు 23 రాత్రి పూహోల్స్ 42 ఏళ్ల వయసులో, మళ్లీ కార్డినల్స్ చొక్కాలో, లాస్ ఏంజెలెస్‌లో ఒకే ఆటలో రెండు హోమ్‌రన్లు కొట్టి మొత్తం 700 చేరాడు. ఆ ఏడాది జీతం 25 లక్షల డాలర్లు. టీవీ ముందు నేనూ మా వాడూ నిలబడే చూశాం. "మన దగ్గర ఇలా ఎందుకు ఆడలేదు నాన్నా?" అన్నాడు. అప్పటికి వాడికి పదిహేడు, ఆ ఎర్ర చొక్కా భుజాలకు పట్టదు. నా దగ్గర జవాబు లేదు. మామగారికి ఫోన్ చేసి చెబితే, "ఆ కౌలు తీరిందా?" అని అడిగారు. పోయినేడే తీరిందని చెప్పాను.

మళ్లీ 2011 డిసెంబరు వచ్చి, సంతకం పెట్టే కలం నా చేతికిస్తే నేనూ పెడతాను. పదేళ్లకు కాదు, ఆరేళ్లకు. మిగిలిన డబ్బులో కొంత తీసి ట్రౌట్‌కు ఆ మొదటేడే ఇస్తాను.