అద్దాల మధ్య చెమ్మకు ఫిక్స్‌డ్ డిపాజిట్ బలి పెట్టాలా?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని మా ఇంటికి ఏడేళ్ల కిందట యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములతో ఎనిమిది డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టించాను. వాటిలో మూడింటికి అద్దాల మధ్య చెమ్మ పట్టింది. ఫ్రేములతో సహా అన్నీ మార్చాలని, 2,40,000 రూపాయలవుతుందని, మారిస్తే కరెంటు బిల్లు కూడా తగ్గుతుందని డీలర్ చెబుతున్నారు. మరో 14 నెలలకు గడువు తీరే 5 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని తీయమంటారా, బంగారం తాకట్టు పెట్టమంటారా?

జవాబు: మాస్టారూ, రెండూ వద్దు. ముందుగా అద్దాన్ని లోపలివైపు, తర్వాత బయటివైపు పొడిగుడ్డతో తుడిచి చూడండి. ఏసీ వేసిన గది కిటికీకి తెల్లవారుజామున బయటివైపు పట్టే తేమ మన కోస్తా గాలికి సహజమే కాబట్టి దాన్ని లోపంగా లెక్కపెట్టనక్కరలేదు. రెండువైపులా తుడిచినా మసక పోకపోతే, అంచుల సీలు విడిపోయి తేమగాలి లోపలికి చేరిందని, ఆ తేమను పీల్చుకోవడానికి అద్దాల మధ్య పట్టీలో నింపే గుళికల శక్తి అయిపోయిందని అర్థం. అప్పుడు కూడా మార్చవలసింది సీలు చేసిన ఆ అద్దాల జతను మాత్రమే. ఫ్రేము వంగకుండా, గొళ్లెం సరిగా పడుతున్నంత కాలం దాని జోలికి వెళ్లనక్కరలేదు. అద్దానికి రంధ్రం వేసి ఆరబెడతామనే వారి మాట నమ్మకండి, విడిపోయిన సీలు దానివల్ల అతుక్కోదు.

ఇక డబ్బు విషయానికి వస్తే, అన్నీ మారిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందన్న వాదన లెక్కకు నిలవదు. నెలకు 200 రూపాయలు మిగులుతాయని ఉదారంగా అనుకున్నా ఏడాదికి 2,400 అవుతుంది, అంటే 2,40,000 తిరిగి రావడానికి 100 ఏళ్లు పడుతుంది. డిపాజిట్‌ను గడువుకు ముందే తీస్తే సాధారణంగా, ఉంచిన కాలానికి వర్తించే వడ్డీరేటులోంచి జరిమానా కూడా కోస్తారు. మూడు జతల ఖర్చును పెన్షన్‌లో మిగిలే సొమ్ముతో నెలకొకటి చొప్పున, ఏసీ ఉన్న పడకగదితో మొదలుపెట్టి భరించవచ్చు. అత్యవసరమైతే అదే డిపాజిట్ మీద రుణం తీసుకోండి. దాని వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది.

అయితే పైసా ఖర్చుపెట్టే ముందు పాత బిల్లు, వారంటీ కాగితం వెతకండి. వారంటీ ఇంకా ఉంటే ఫొటోలు జతచేసి డీలరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. కొన్నప్పుడు చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే దానికి రుసుము కూడా ఉండదు.

వారంటీ లేకపోతే, అద్దాల జతకు మాత్రమే చదరపు అడుగు ధర, బిగింపు కూలి, కొత్త సీలుకు ఎన్నేళ్ల హామీ అన్నవి విడివిడిగా రాయించి రెండు మూడు దుకాణాల్లో కొటేషన్లు తీసుకోండి. బిగించేటప్పుడు ఫ్రేము అడుగున నీరు పోయే చిన్న రంధ్రాల్లోని దుమ్మును దగ్గరుండి తీయించండి. అవి మూసుకుపోతే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానల నీరు సీలు అంచున నిలిచి కొత్త అద్దాలనూ పాడుచేస్తుంది.