వీడీఆర్ఎల్ రియాక్టివ్ అని వచ్చింది.. కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నాకిప్పుడు 22వ వారం. మొదటి కాన్పు. మామూలుగా చేసే రక్తపరీక్షల్లో వీడీఆర్ఎల్ (సిఫిలిస్ ఉందేమో చూసే పరీక్ష) రియాక్టివ్ 1:16 అని వచ్చింది. తర్వాత దాన్ని నిర్ధారించుకోవడానికి చేసిన టీపీహెచ్ఏ పరీక్ష కూడా పాజిటివే. సిఫిలిస్ అన్నారు. నాకు ఒంట్లో ఏ బాధా లేదు, ఎప్పుడైనా పుండు లేచిన గుర్తూ లేదు. వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు చేయించుకోమన్నారు. కడుపుతో ఉండగా ఇవి అవసరమా, మాత్రలతో తగ్గదా? బిడ్డకు వచ్చేసి ఉంటుందా? మావారికి ఎలా చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఇంజెక్షన్ సంగతి తేల్చేద్దాం అమ్మా, ఎందుకంటే మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా పర్లేదు, ఇది ఆగదు. సిఫిలిస్ అంటే లైంగికంగా అంటుకునే జబ్బు, గర్భిణిలో దానికి నమ్మదగిన మందు ఒక్కటే, పెన్సిలిన్. బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు కండకు ఇస్తారు, అది మాయను దాటి బిడ్డ వరకూ చేరుతుంది కాబట్టి ఇద్దరికీ ఒకేసారి వైద్యం జరుగుతుంది. మాత్రలు అడిగారు కదా, అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటివి వేసుకుంటే బిడ్డకు తగ్గుతుందన్న భరోసా లేదు, డాక్సీసైక్లిన్ కడుపుతో ఉన్నప్పుడు వాడకూడదు. పెన్సిలిన్ పడదని గతంలో ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట దాచకండి. అప్పుడు కూడా మందు మార్చరు, ఆస్పత్రిలో ఉంచి కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే పెన్సిలిన్ ఇస్తారు.

జబ్బు ఎప్పుడు అంటుకుందో తెలియనప్పుడు మూడు డోసులు ఇవ్వడమే పద్ధతి, మీకు రాసింది సరైన వైద్యమే. ఒక్క జాగ్రత్త. డోసుకీ డోసుకీ మధ్య ఏడు రోజులే ఉండాలి, ఊరెళ్లాననో ఒంట్లో బాగాలేదనో తొమ్మిది రోజులు దాటిపోతే మళ్లీ మొదటినుంచీ మూడూ చేయించుకోవాల్సి వస్తుంది. మొదటి ఇంజెక్షన్ పడిన రోజు జ్వరం, వణుకు, ఒళ్లు నొప్పులు రావచ్చు. అది ఒక్కసారిగా క్రిములు చచ్చిపోవడం వల్ల వచ్చే ప్రతిచర్య, మందు పడలేదని కాదు, సాధారణంగా 24 గంటల్లో సర్దుకుంటుంది. కానీ పొట్ట గట్టిపడి నొప్పులు వస్తున్నా, బిడ్డ కదలిక తగ్గినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

బిడ్డ విషయం దాచకుండా చెబుతాను. వైద్యం లేకుండా వదిలేస్తే గర్భం పోవడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టాక ఎముకలు, లివర్, మెదడు దెబ్బతినడం, ఇవన్నీ జరిగేవే. ఇప్పటికే బిడ్డకు సోకిందా లేదా అని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, స్కానింగ్‌లో బిడ్డ లివర్, మాయ పెద్దవి కావడం, బిడ్డ ఒంట్లో నీరు చేరడం లాంటివి ఉన్నాయేమో చూస్తారు. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే వైద్యం మొదలై, కాన్పులోగా డోసులన్నీ పూర్తి కావాలన్నది లెక్క, మీరున్నది 22వ వారంలో. కావలసినంత టైముంది, దాన్ని టెన్షన్ పడుతూ పోగొట్టుకోకండి.

ఇక మీవారి సంగతి. చెప్పక తప్పదు. ఆయనకీ పరీక్ష, అవసరమైన వైద్యం జరగకపోతే మీకు మళ్లీ అంటుకుంటుంది, ఈ ఇంజెక్షన్లన్నీ దండగ. ఇద్దరి వైద్యం పూర్తయ్యేదాకా, పుండ్లు ఉంటే అవి మానేదాకా కలవకండి, తర్వాత కూడా కాన్పు వరకూ కండోమ్ వాడితే మంచిది. పాతవాళ్లు సవాయి రోగం అని గుసగుసగా చెప్పుకున్న ఈ జబ్బులో మొదటి పుండుకు నొప్పి ఉండదు, మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది, లోపలెక్కడో ఉంటే కనిపించను కూడా కనిపించదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా ఒంట్లో ఉండిపోగలదు. కాబట్టి ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో ఆ రిపోర్టు చెప్పదు, ఆ పంచాయితీ మొదలుపెడితే తెమలదు. ఒంటరిగా చెప్పడం కష్టమైతే ఆయన్ని డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి, మేమే చెబుతాం, ఇది మాకు కొత్త కాదు. ఇంట్లో మిగతావాళ్లకు చెప్పాల్సిన పనేమీ లేదు.

హెచ్ఐవీ, హెపటైటిస్ బీ పరీక్షలు చేయకపోతే ఇప్పుడే చేయించుకోండి, అవి ఉన్నా బిడ్డకు సోకకుండా ఆపే మార్గాలున్నాయి.

వైద్యం తర్వాత వీడీఆర్ఎల్ మళ్లీ చేస్తారు. రక్తాన్ని ఎంత పలచన చేసినా పరీక్ష పాజిటివ్‌గా వస్తుందో చెప్పే ఆ అంకె 1:16 నుంచి 1:4కి దిగితే మందు పనిచేసినట్టు, కాకపోతే ఆ అంకె దిగడానికి నెలలు పడుతుంది, కాన్పులోగా దిగలేదని కంగారు వద్దు. టీపీహెచ్ఏ మాత్రం చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, అది చూసి జబ్బు తిరగబెట్టిందనుకోకండి. ఏ తేదీన ఏ డోసు పడిందో రాసిన కాగితాలు భద్రంగా ఉంచి కాన్పు రోజు పిల్లల డాక్టర్‌కు చూపించండి, బిడ్డకు పరీక్షలే చాలా, ఇంజెక్షన్ కూడా కావాలా అన్నది వాళ్లు వాటిని బట్టే తేలుస్తారు. రొమ్ము మీద పుండు లేకపోతే పాలు ఇవ్వొచ్చు.