పన్ను తగ్గింపు, కనీస వేతనం: బెజవాడ లెక్కల పుస్తకాల్లో నాకు కనిపించింది

ప్రశ్న: పన్నులు తగ్గిస్తే వ్యాపారులు కొత్త ఉద్యోగాలు ఇస్తారని, కనీస వేతనం పెంచితే ఉన్న ఉద్యోగాలు పోతాయని అంటారు. మన ఊళ్లలో నిజంగా అలాగే జరిగిందా? ప్రభుత్వం రెండింటిలో ఒకటే చేయగలిగితే ఏది చేయాలి?

నేను విజయవాడ వన్‌టౌన్‌లో చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. నెలనెలా జీఎస్టీ రిటర్నులు, జీతాల రిజిస్టర్లు, ఏడాదికోసారి ఇన్‌కమ్‌ట్యాక్స్. బట్టల హోల్‌సేల్ కొట్లు, టిఫిన్ హోటళ్లు, ఆటోనగర్ షెడ్లు, గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవాళ్లు నా దగ్గరకు వస్తారు. యజమాని లాభమూ పనివాళ్ల జీతమూ ఒకే పుస్తకంలో చూసే పని కాబట్టి ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వ్యాపారి కొత్త మనిషిని పెట్టుకునేది బేరం పెరిగినప్పుడు. పన్ను తగ్గినా, జీతం పెరిగినా, ఆ డబ్బు చివరికి బేరంగా మారి కొట్టు ముందుకొస్తుందా లేదా అన్నదే నేను చూస్తాను.

ముందు కంపెనీల పన్ను సంగతి. 2019 సెప్టెంబర్ 20న కేంద్రం పెద్ద కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22కి దించింది, మిగతా రాయితీలు వదులుకుంటే. ఆ అక్టోబర్ నుంచి పెట్టే కొత్త తయారీ కంపెనీలకైతే 15 శాతమే. ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. టీవీలో ఆ వార్త చూసి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒకాయన ఫోన్ చేశారు. "మనకెంత మిగులుతుందండీ?" అని. ఏమీ మిగలదండీ అన్నాను. ఆయనది ఇద్దరు అన్నదమ్ముల పార్ట్‌నర్‌షిప్. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కి అప్పుడూ 30 శాతమే, ఇప్పుడూ 30 శాతమే. సొంత పేరు మీద నడిపేవాళ్లకు మామూలు వ్యక్తుల స్లాబులే. ఆటోనగర్‌లోనూ, బట్టల హోల్‌సేల్ మార్కెట్ వస్త్రలతలోనూ, బీసెంట్ రోడ్డులోనూ నేను చూసిన కొట్లు దాదాపు అన్నీ ఈ రెండు రకాలే. దేశంలో ఎక్కువమందికి పని ఇచ్చేది ఇలాంటి చిన్న కొట్లూ షెడ్లే. వాటిని తాకని తగ్గింపు ఉద్యోగాలు తెస్తుందని ఎలా అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పెద్ద కంపెనీలైనా మనుషుల్ని పెంచాయా? కేంద్రం 2024-25 ఆర్థిక సర్వేలోనే ఒక మాట ఉంది: 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరిగితే, ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతం. మధ్యలో కోవిడ్ వచ్చింది కాబట్టి దోషమంతా పన్ను తగ్గింపు మీద వేయడం న్యాయం కాదు. కానీ 'లాభం పెరిగితే ఉద్యోగం దానంతటదే వస్తుంది' అన్న వాదన మాత్రం ఈ అంకెల ముందు నిలబడదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 2012లో ఇదే నమ్మకంతో పన్నులు భారీగా కోసింది. ఖజానా ఖాళీ అయి, బడులకు డబ్బుల్లేక, 2017లో అక్కడి చట్టసభే ఆ తగ్గింపుల్లో చాలావాటిని వెనక్కి తీసుకుంది.

జీఎస్టీ తగ్గింపు వేరే కథ. ఇందులో నేను దగ్గర్నుంచి చూసినవి రెండున్నాయి, రెండూ వేర్వేరుగా జరిగాయి.

2017 నవంబర్ 15 నుంచి రెస్టారెంట్ల మీద జీఎస్టీ 5 శాతం చేశారు. అంతకుముందు ఏసీ ఉన్నవాటికి 18, లేనివాటికి 12. జనం బిల్లు బాగా తగ్గుతుందనుకున్నారు. కానీ అదే రోజు ఇన్‌పుట్ క్రెడిట్ తీసేశారు. అంటే హోటలువాళ్లు అద్దె మీద, ప్యాకింగ్ సామాను మీద, కమర్షియల్ గ్యాస్ మీద కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో సర్దుకునే వీలు పోయింది. ఆ పోయినదాన్ని వాళ్లు ధరలో కలిపారు. వంద రూపాయల భోజనం 118 పడేది, 105 కావాలి. ముందు ధరనే 108 చేస్తే బిల్లు 113 దాటుతుంది. తగ్గింపులో సగం కూడా తినేవాడి దాకా రాలేదు. నేను ఆ హోటలువాళ్లను తప్పుపట్టను, వాళ్ల ఖర్చు నిజంగానే పెరిగింది. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నప్పుడు జరిగేది అదే.

2025 సెప్టెంబర్ 22న, ఇంద్రకీలాద్రి మీద నవరాత్రులు మొదలైన రోజునే, జీఎస్టీ స్లాబులు మారాయి. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి వచ్చాయి. సిమెంటు, ఏసీలు, చిన్న కార్లు 28 నుంచి 18కి. రెడీమేడ్ బట్టలకు 5 శాతం గీత వెయ్యి రూపాయల నుంచి 2,500కి జరిగింది, అంతకు మించితే 18. ఈసారి తగ్గింపు చాలావరకు కొనేవాళ్లకు చేరింది. ఎందుకంటే వరసగా పది బట్టల కొట్లున్న వీధిలో ఒకడు తగ్గించి బోర్డు పెడితే మిగతా తొమ్మిది మందీ తగ్గించక తప్పదు. 5 రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు లాంటి వాటిలో మాత్రం ధర దించడానికి చోటు లేక కొన్ని కంపెనీలు బరువు పెంచాయి. నేను లెక్కలు రాసే ఒక రెడీమేడ్ కొట్టు యజమాని దసరాకి తీసుకున్న కుర్రాళ్లను మామూలుగా దీపావళి తర్వాత పంపించేసేవారు. ఆ ఏడు సంక్రాంతి దాకా ఉంచారు. పన్ను తగ్గిందనా అని అడిగితే, "పన్ను నాకెక్కడ తగ్గిందండీ, అది కొనేవాళ్లకు తగ్గింది. వాళ్లు వస్తున్నారు, చూపించడానికి మనిషి కావాలి గదా" అన్నారు.

2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేకుండా చేసిన దాన్ని కూడా చాలామంది పెద్ద ఊపు అన్నారు. సరిగ్గా 12 లక్షలు సంపాదించేవారికి ఏడాదికి 80,000 రూపాయలు మిగిలింది. మధ్యతరగతికి అది అవసరమే, లెక్చరర్లూ బ్యాంకు ఉద్యోగులూ ఎంత సంతోషించారో చూశాను. కానీ నా దగ్గర రిటర్నులు వేసేవాళ్లలో ఎక్కువమంది ఆ డబ్బు ఇంటి లోనులో కట్టేశారు, లేదంటే చిట్టీలో, మ్యూచువల్ ఫండులో వేశారు. మంచి పనే, కానీ అది అదే నెలలో వీధిలోకి వచ్చే డబ్బు కాదు. అదే 80,000 పదిమంది ఆడకూలీలకు తలా ఎనిమిదేసి వేలు అందితే, నెలకి ఆరేడు వందలు, ఆ నెలలోనే కూరగాయలకీ, పిల్లల ఫీజుకీ, చెప్పులకీ వెళ్తుంది.

ఇంకో సంగతి మన రాష్ట్రంలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. కేంద్రం వసూలు చేసి పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది, అందులో ఆంధ్రకు 2025-26 దాకా 4.047 శాతం ఉండేది. ఆ బడ్జెట్‌లో కేంద్రం వదులుకుంటున్నానన్నది దాదాపు లక్ష కోట్లు. ఈ లెక్కన మన రాష్ట్రానికి రావాల్సిన సుమారు 1,650 కోట్లు కూడా అందులోనే పోయాయి. తగ్గింపు ప్రకటించేది ఢిల్లీ, ఆసుపత్రిలో మందులకు ఇబ్బంది పడేది ఇక్కడ.

ఇక కనీస వేతనం. 'ధర పెరిగితే కొనేది తగ్గుతుంది, కూలి పెరిగితే కూలీలను తగ్గిస్తారు' అన్నది పాఠ్యపుస్తకం మాట. దీన్ని నిజంగా పరీక్షించి చూసినవాళ్లు డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న వేతనాన్ని 5.05 చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. రెండుచోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందూ తర్వాతా చూస్తే, పెంచినచోట ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు దొరకలేదు. దానిమీద ఇతర ఆర్థికవేత్తలు గట్టిగానే వాదించారు, ఆ వాదన ఇంకా నడుస్తోంది. కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మరోవైపు, అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లు చేస్తే ఏమవుతుందని 2021లో అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం వేసిన అంచనాలో 14 లక్షల ఉద్యోగాలు పోతాయని ఉంది, 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారనీ ఉంది. ఎంత పెంచుతున్నాం, ఎక్కడ పెంచుతున్నాం అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

కార్డ్ చెప్పింది వన్‌టౌన్‌లో ఎలా ఉంటుందో చెప్తాను. నైటీలు, లంగాలు కుట్టే ఒక యూనిట్ లెక్కలు నేను చూస్తాను. మిషన్ల మీద అందరూ ఆడవాళ్లే, పీసు రేటు, అంటే కుట్టిన పీసుకింత అని కూలి. ఒకరోజు అందులో పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "అన్నా, పొద్దుట్నుంచీ కుట్టినా గవర్నమెంటు రేటు పడట్లేదు, ఒకసారి లెక్క చూసి చెప్పవా?" అంది. చూస్తే నిజమే. పీసు రేటు మీద చేసినా, రోజు మొత్తానికి కనీస వేతనం కంటే తక్కువ రాకూడదని అప్పటి 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్‌లో ఉండేది. ఇది యజమానులకే కాదు, లెక్కలు రాసేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. యజమానితో కూర్చుని మాట్లాడాను. ఒకావిడ రోజుకు ఇరవై నైటీలు కుడితే, ఆమెకు రోజుకు 60 రూపాయలు పెంచడమంటే నైటీ మీద మూడు రూపాయలు. ఆయన పెంచారు. ఎవర్నీ తీయలేదు. పైగా అంతకుముందు నేర్చుకున్న నాలుగు నెలలకే మానేసి వెళ్లిపోయేవాళ్లు, అది బాగా తగ్గింది. కొత్తవాళ్లు పాడుచేసే గుడ్డ కూడా తగ్గింది.

మరి అంతకాలం తక్కువకు ఎందుకు చేశారు? వాళ్లకు వేరే దారి లేదు. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇల్లు చేరాలి. ఆటో ఖర్చు పెట్టుకుని ఆటోనగర్ దాకా వెళ్తే పెరిగిన కూలి ఆటోకే పోతుంది. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒకటి రెండు యూనిట్లు ఎంత ఇస్తే అంతే. అలాంటిచోట చట్టం ఒక గీత గీస్తే ఉద్యోగం పోదు, యజమాని చేతిలో ఉన్న బేరమాడే బలం కొంచెం పనివాళ్ల వైపు జరుగుతుంది.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు, అదీ చెప్పాలి. పెళ్లి శుభలేఖలు అచ్చువేసే ఒక ప్రెస్సులో వేతనాలు సవరించాక ఇద్దర్ని తగ్గించి, మడతపెట్టే మిషను కొన్నారు. ఆ ఇద్దరి పరిస్థితి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయితే శుభలేఖలు వాట్సాప్‌లోకి వెళ్లిపోయి ఆ ప్రెస్సు బేరం అప్పటికే ఏటా పడిపోతోంది. పడిపోతున్న వ్యాపారం మీద ఏ భారం పడినా మనుషులే ముందు పోతారు. ఇంకో చిక్కు, పనివాళ్లు పదిమందైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా), ఇరవైమందైతే పీఎఫ్. తొమ్మిదో మనిషి దగ్గరే ఆగిపోయిన యజమానులు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు జీతం కంటే ఆ గీత దాటడమే భయం.

గుంటూరు మిర్చిలో అయితే కూలీ ఒక్కదాన్నే విడదీసి మాట్లాడలేం. కోతకూ, తాలు ఏరడానికీ, తొడిమలు తీయడానికీ అన్నీ చేతులే కావాలి, అవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులు. 2006లో ఉపాధి హామీ వచ్చాక పల్లెల్లో కూలి పెరిగిందని రైతులు గోల పెట్టారు. అయినా ధర బాగున్న ఏళ్లలో మిర్చి సాగు పెరుగుతూనే వచ్చింది. 2025 మొదట్లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకోవాల్సొచ్చినప్పుడు మాత్రం రైతుకు కోత కూలి కూడా కొండంత భారమైంది. ఆ రైతును పట్టుకుని కూలి పెంచమంటే ఎక్కడి నుంచి తెస్తాడు? కూలీ గీత పైకి జరపాలంటే పంట ధరకూ ఒక గీత ఉండాలి.

మీరు అడిగిన చివరి ముక్కకు నా జవాబు: కనీస వేతనం, అదీ ముందు ఉన్నదాన్ని అమలు చేయడం. మన రాష్ట్రంలో షాపులకూ, హోటళ్లకూ, కోల్డ్ స్టోరేజీలకూ వేర్వేరు రేట్లున్నాయి, ధరల సూచీని బట్టి ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ కరువు భత్యం మారుతుంది. కాగితం మీద అంతా ఉంది. చేతికి వచ్చేది వేరు. రిజిస్టర్‌లో ఒక అంకె, కవరులో ఇంకో అంకె పెట్టమన్నవాళ్ల పని నేను వదిలేసుకున్నాను, కానీ వాళ్లకు రాసిపెట్టేవాళ్లు దొరుకుతూనే ఉన్నారు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టితో సమానమని 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) పనుల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది.

2025 నవంబర్ 21 నుంచి పాత చట్టం స్థానంలో వేతనాల కోడ్ వచ్చింది. దేశమంతటికీ ఒక కనీస గీత, దానికి ఏ రాష్ట్రమూ దిగువకు పోకూడదు అన్నది అందులో నాకు నచ్చిన విషయం. ఆ గీత ఎక్కడ పెడతారన్నదే అసలు ప్రశ్న. 2017లో పెట్టిన 176 రూపాయల రోజు వేతనానికి అటూ ఇటూగా పెడితే మన దగ్గర ఎవరికీ ఉపయోగం లేదు. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2019లోనే, 2018 జూలై ధరల లెక్కన, 375 అని చెప్పింది. అక్కడి నుంచి మొదలుపెట్టి ఇప్పటి ధరలకు పెంచాలి. దాంతోపాటు ప్రతి పీసు రేటు యూనిట్లోనూ రోజుకు ఎన్ని పీసులకు ఎంత అన్నది తెలుగులో రాసి గోడకు అంటించడం తప్పనిసరి చేయాలి. లెక్క చూపించమని ఆ పెద్దావిడ నా దాకా రావాల్సిన అవసరమే ఉండకూడదు.