పెండ్రాగన్: మొదటి పోరులోనే నైట్లు పడిపోతుంటే

ఆర్థర్ రాజు కాలపు నైట్లుగా (గుర్రపు యోధులుగా) పాచికలతో ఆడే రోల్‌ప్లేయింగ్ ఆట పెండ్రాగన్. మీరు నలుగురు ఆటగాళ్లతో దాని 5వ ఎడిషన్ నడిపిస్తున్నారు, మొదటి పోరులోనే ఎనిమిది మంది దొంగల చేతిలో ఇద్దరు నైట్లు కుప్పకూలారు, పైగా నలుగురి నైట్లూ ఒకే మూసలో ఉన్నారు. ఇదే కదా మీ ఇబ్బంది?

కొంప ముంచింది దొంగల బలం కాదు, వాళ్ల సంఖ్య. ఒకేసారి పలువురు మీదపడితే కత్తి నైపుణ్యాన్ని వాళ్ల మధ్య పంచాలి. నైపుణ్యం 15 ఉన్న నైట్ ముగ్గురిని ఎదుర్కొంటే ఒక్కొక్కరి మీద 5 మాత్రమే. ఇరవై ముఖాల పాచికలో 5 దాటకుండా పడాలంటే నాలుగింట ఒక అవకాశమే. అందుకే తొలి పోరులో నైట్‌కు ఒక శత్రువు చాలు. అన్నట్టు, గుర్రం మీదున్నవాడు కాలిబంటుతో తలపడితే అతని నైపుణ్యానికి +5, ఎదుటివాడికి -5. దీన్ని మర్చిపోయారేమో చూసుకోండి. పోరును సెషన్ చివర్లో పెట్టండి. గాయాలు వారాల లెక్కన మానతాయి కాబట్టి, మధ్యలో పడినవాడు మిగతా సెషనంతా ప్రేక్షకుడే.

ఇక మూస సంగతి. తేడా ఆయుధాల్లో కాదు, గుణాల్లో వస్తుంది. దయ-క్రూరత్వం లాంటి వ్యతిరేక గుణాలు 13 జంటలు, ప్రతి జంట మొత్తం 20. ఒక్కొక్కరూ వేర్వేరు గుణాన్ని 16కి పెట్టుకోవాలి. తర్వాత ఆ గుణానికే పరీక్ష పెట్టండి: లొంగిపోయిన శత్రువు కాళ్లు పట్టుకున్నాడు, ప్రభువేమో ఎవర్నీ వదలొద్దన్నాడు. ముందు దయకు పాచిక వేయించండి. తప్పితే క్రూరత్వానికి. రెండూ తప్పితేనే నిర్ణయం ఆటగాడిది.

ఆటలోని ఏడాదికి ఒక సాహసం చాలు. ఆ ఏడాది చివర వచ్చే శీతాకాల దశను మాత్రం వాయిదా వేయకండి, నైపుణ్యాలు పెరిగేది అక్కడే.