సర్జికల్ వార్డులో నర్సుగా చేరిన పాపకు: కుట్ల నొప్పి మందుల గురించి

తిరుపతి

పాపా,

నిన్ను సర్జికల్ వార్డులో నర్సు డ్యూటీకి వేశారంట. పొట్ట ఆపరేషనైన వాళ్ల నొప్పి గురించే ముందు రాస్తున్నా. నైట్ డ్యూటీలో నిన్ను ఎక్కువసార్లు పిలిచేది దానికే.

కదలకుండా పడుకున్న మనిషిని నొప్పి ఎంతుందని అడిగితే "పర్లేదు సిస్టర్" అంటారు. ఒకసారి దగ్గమను. చెయ్యి కుట్ల మీదికి పోయి, దగ్గు గొంతులోనే ఆగిపోయిందంటే ఆ పర్లేదు లెక్కలోకి రాదు. అట్లాంటి మనిషి గాలి లోతుగా పీల్చడు, కఫం ఊపిరితిత్తుల అడుగున నిలుస్తుంది, జ్వరం పట్టుకుంటుంది. తిరుత్తణి వైపు నుంచి వచ్చేవాళ్లు నొప్పిగా ఉందనడానికి తమిళంలో "వలిక్కుదు" అంటారు. నొప్పి పదికి ఎంతని అడగాలి కదా, ఆ మాటతోపాటు పది దాకా తమిళ అంకెలు కూడా నేర్చుకుని పెట్టుకో.

మందులు కలిపి ఇవ్వడంలో కిటుకు ఏంటంటే, ఒక్కొక్కటీ ఒక్కోచోట పనిచేస్తుంది. బ్లాక్ అంటే నరాల దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్, అది పొట్ట గోడ నరాలను మొద్దుబారుస్తుంది, డైక్లోఫెనాక్ కుట్ల దగ్గర వాపు తగ్గిస్తుంది, ట్రమడాల్, మార్ఫిన్ వెన్నుపాములో, మెదడులో పనిచేస్తాయి. మొదటివి సరిగ్గా పడితే మార్ఫిన్ తక్కువతో సరిపోతుంది. వాంతులు, మగత తగ్గుతాయి, పేగులు తొందరగా కదులుతాయి.

పారాసిటమాల్ అడిగినప్పుడు ఇచ్చే మందు కాదు. 6, 12, మళ్లీ 6, 12 గంటలకు, నొప్పి ఉన్నా లేకున్నా పడాల్సిందే. కేస్ షీటులో ఎస్.ఓ.ఎస్. (అవసరమైతేనే ఇవ్వాలి) అని రాసుంటే డ్యూటీ డాక్టరుని అడిగి మార్పించు. 100 మిల్లీలీటర్ల సీసాలో 1 గ్రాము ఉంటుంది, 15 నిమిషాల్లో ఎక్కాలి. 50 కిలోల లోపు మనిషికి సీసా మొత్తం ఎక్కించకూడదు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన 42 కిలోల ఆమెకి 630, అంటే 63 మిల్లీలీటర్లు. మిగతాది పారేయాలి. తాగుడు అలవాటున్నా, లివర్ జబ్బున్నా ఇంకా తగ్గించాలి.

డైక్లోఫెనాక్ 75 మిల్లీగ్రాములు, 12 గంటలకొకసారి. ఇచ్చే ముందు యూరిన్ బ్యాగు చూడు. 50 కిలోల మనిషికి గంటకి 25 మిల్లీలీటర్లు రాకపోతే, కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉంటే, కడుపులో పుండు ఉందని చెప్తే ఆపి, డాక్టరుకి చెప్పు.

అసలు ఇబ్బంది మొదటి రాత్రి. మధ్యాహ్నం రెండింటికి బ్లాక్ ఇచ్చుంటే సాయంత్రమంతా హాయిగా మాట్లాడతారు, అది చూసి రాత్రి డోసు వదిలేస్తారు. అర్ధరాత్రికి బ్లాక్ దిగుతుంది, నొప్పి ఒక్కసారిగా లేస్తుంది. అప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం. బ్లాక్ ఇచ్చిన టైము వెతికి, దిగకముందే రాసిన మందు పడేట్టు చూసుకో. బ్లాక్ ఉన్నా లోపలి పేగుల నొప్పి తెలుస్తూనే ఉంటుంది, నటిస్తున్నారని అనుకోవద్దు.

ట్రమడాల్ గబగబా తోస్తే వాంతులే. 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించు. మూర్ఛలున్నాయా, డిప్రెషన్ మాత్రలు వాడుతున్నారా అని ముందే అడుగు. మార్ఫిన్ పడ్డాక మగత ముందు వస్తుంది, శ్వాస తగ్గడం తర్వాత. అందుకే పిలిచి లేపి చూడు, శ్వాస నిండు నిమిషం లెక్కపెట్టు. 8కి పడితే మందు ఆపి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరుని పిలువు. మార్ఫిన్‌కి విరుగుడైన నాలోక్సోన్ 0.4 మిల్లీగ్రాముల ఆంపుల్‌ని సెలైన్‌తో 10 మిల్లీలీటర్లు చేసి సిద్ధంగా ఉంచితే, వాళ్లు వచ్చి ఒకటీ రెండు మిల్లీలీటర్ల చొప్పున ఇస్తారు. దాని పని మార్ఫిన్ కంటే ముందే అయిపోతుంది, కాబట్టి కళ్లు తెరిచారని పక్కకి పోవద్దు.

దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమిపెట్టుకోమను. పొట్ట బెల్టుని పుత్తూరు కట్టులా బిగిస్తే ఊపిరాడదు.

మూడో నాలుగో రోజున మందులన్నీ పడుతున్నా నొప్పి పెరుగుతూ, నాడి 110 దాటి, పొట్ట చెక్కలా గట్టిపడితే ఇంకో ఇంజెక్షన్ అడగొద్దు. సర్జన్‌ని పిలిచి పొట్ట చూపించు. లోపల కుట్టు లీకవుతుండొచ్చు.

ఇంటికి పంపేటప్పుడు స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిచి చూడు. డోలో 650 మూడు, ఏసిక్లోఫెనాక్-పారాసిటమాల్ రెండు, ట్రమడాల్-పారాసిటమాల్ మూడు వేసుకుంటే రోజుకి 3,575 మిల్లీగ్రాముల పారాసిటమాల్ అవుతుంది. ఆ 42 కిలోల ఆమెకి 2,520 దాటకూడదు. పారాసిటమాల్ ఉన్న ప్రతి స్ట్రిప్పు మీదా స్కెచ్ పెన్నుతో గీత పెట్టి, ఏది ఆపాలో డాక్టరు చేత రాయించు.

మీ పెద్దమ్మ